ఏలీయాకు దేవుడు ముందు అన్నం పెట్టాడు



'టెన్షన్' అనేది ఎప్పుడో తెలుగు మాట అయిపోయింది. చేట ఒడిలో పెట్టుకొని బీడీలు చుట్టే బోధన్ తల్లి నోట అదే మాట. నిజామాబాద్ బస్టాండు దగ్గర ఆటో నడిపే తమ్ముడి నోట అదే మాట. పదో తరగతి పరీక్షలు రాసే పిల్లవాడూ అదే అంటున్నాడు. ఆదివారం పూజ ముగిశాక గుడి మెట్ల దగ్గర "అందరూ మంచిగున్నారా అమ్మా?" అని అడిగి చూడండి. "ఏం మంచి ఫాదర్, అంతా టెన్షనే" అని జవాబు వస్తుంది. పక్కన నిలబడిన పెద్దమ్మ ఒకామె వెంటనే అందుకొంటుంది: "జపమాల చెప్పుకోవాలె బిడ్డా. విశ్వాసం తక్కువైతే గిట్లనే ఉంటది."

జపమాల చెప్పుకోమనడం మంచి సలహాయే. దాని వెనుక వచ్చిన రెండో మాటతోనే చిక్కు. అలసిపోయిన మనిషి అప్పటికే ఒక బరువు మోస్తున్నాడు. 'నీ విశ్వాసం చాలలేదు' అని చెప్పి ఆ బరువు మీద ఇంకొక బరువు పెడుతున్నాము. పరిశుద్ధ గ్రంథంలో దేవుడు అలసిన మనిషితో ఇలా మాట్లాడాడా? ఈ వారం మన పాఠం అదే.

ముందు మన ప్రాంతం సంగతి కొంచెం చెప్పుకోవాలి. ఇక్కడి అలసటకు ఒక చరిత్ర ఉంది.

మంజీర నది మీద నిజాంసాగర్ కట్ట 1931లో పూర్తయింది. కాలువ నీళ్ళు వచ్చాయి, నీళ్ళ వెంట చెరకు వచ్చింది. 1937లో బోధన్ పక్కన నిజాం చక్కెర ఫ్యాక్టరీ వెలసింది. ఫ్యాక్టరీ వెలసిన చోటు పేరే శక్కర్‌నగర్. కోస్తా జిల్లాల నుండి వచ్చి క్యాంపులు కట్టుకొని సేద్యం చేసిన కుటుంబాలు, ఇక్కడే పుట్టి పెరిగిన కుటుంబాలు, ఫ్యాక్టరీలో షిఫ్టులు చేసిన కుటుంబాలు, అందరి సంవత్సరమూ ఒకే తాళం మీద నడిచింది. సుమారు నవంబరులో క్రషింగ్ మొదలయ్యేది. నరికిన చెరకు నిలవ ఉంటే తీపి తగ్గిపోతుంది, కనుక ఆ నెలల్లో రాత్రి పగలు అనే తేడా ఉండేది కాదు. బండ్లు బారులు తీరేవి, మూడు షిఫ్టులు నడిచేవి. ఎండలు ముదిరేసరికి సీజను ముగిసేది.

సీజను ముగిశాక ఫ్యాక్టరీలో ఏం జరిగేదో పాత కార్మికులను అడగండి, ఉత్సాహంగా చెబుతారు. మిల్లు రోలర్లు విప్పేవారు. బాయిలరు గొట్టాల లోపల పేరుకొన్న పొరలు గీకి శుభ్రం చేసేవారు. అరిగిన భాగాలు మార్చేవారు. దానికి ఓవర్‌హాలింగ్ అని పేరు. నెలల తరబడి చెరకు ఆడకుండా నిలబడి ఉన్నా, ఆ మిల్లును సోమరి అని ఎవరూ అనలేదు. విప్పి శుభ్రం చేయకపోతే వచ్చే సీజను నడుమ అది విరిగిపోతుందని ఇంజనీరుకు తెలుసు, ఫిట్టరుకు తెలుసు, చివరకు గేటు దగ్గర కాపలావానికి కూడా తెలుసు. ఇనుముకు మనం ఇచ్చిన ఈ పాటి మర్యాద మనిషి శరీరానికి ఇవ్వడం లేదు.

2002లో ఆ ఫ్యాక్టరీలో సగానికి పైగా వాటా ప్రైవేటు వారి చేతికి వెళ్ళింది. 2015 డిసెంబరులో లే-ఆఫ్ ప్రకటించి మూసివేశారు. జీతాలు పోయాయి, చెరకు వేసిన చాలామంది వరికి మారారు, పిల్లలు హైదరాబాదుకో గల్ఫ్‌కో వెళ్ళారు. ఇదంతా అందరికీ తెలిసిన నష్టం. ఎవరూ లెక్క వేయని నష్టం ఇంకొకటి ఉంది. 'ఇది పని కాలం, ఇది విరామ కాలం' అని చెప్పే ఆ తాళం కూడా పోయింది. ఇప్పుడు పొద్దున ఒక పని, సాయంకాలం ఇంకో పని, రాత్రి ఫోనులో కిస్తీ గుర్తు చేసే మెసేజీ. బీడీలు చుట్టే తల్లి సంగతి అంతకంటె కష్టం. ఆమె పనికి గేటు లేదు, గంట లేదు. చేట ఇంట్లోనే ఉంటుంది. అన్నం ఉడుకుతుంటే చుట్టాలి, బిడ్డను చదివిస్తూ చుట్టాలి, చుట్టం వస్తే మాట్లాడుతూ చుట్టాలి. వెయ్యికి ఇంత అని కూలి లెక్క కడతారు గనుక, ఖాళీగా కూర్చున్న ప్రతి నిమిషమూ డబ్బు పోగొట్టుకొన్న నిమిషంలా కనిపిస్తుంది.

ఇలాంటి స్థితి శరీరాన్ని ఏం చేస్తుందో వైద్యులు చెప్పేది వినాలి. 1936లో హాన్స్ సెల్యే అనే శాస్త్రజ్ఞుడు ఒక సంగతి గమనించాడు. శరీరానికి తగిలిన దెబ్బ ఏ రకమైనదైనా, శరీరం దాదాపు ఒకే తీరుగా ఎదురు నిలుస్తుంది. మొదట అలజడి, తరువాత నిలదొక్కుకోవడం, అదీ సాగిపోతూ ఉంటే చివరకు సత్తువ అయిపోయి కూలిపోవడం. దారిలో పాము కనిపిస్తే గుండె వేగంగా కొట్టుకొంటుంది, కాళ్ళకు బలం వస్తుంది. ఇది దేవుడిచ్చిన రక్షణ. పాము వెళ్ళిపోతే గుండె నెమ్మదిస్తుంది. అయితే అప్పు అనే పాము వెళ్ళదు. మంచం పక్కనే పడుకొంటుంది. శరీరం నెలల తరబడి అదే అలజడిలో ఉండిపోతే నిద్ర పోతుంది, రక్తపోటు పెరుగుతుంది, కడుపులో మంట, ఇంట్లో వారి మీద కోపం. చక్కెర పండించిన ఊళ్ళలో చక్కెర జబ్బు కూడా పెరగడం చూస్తున్నాము. దానికి తిండి, వంశం కూడా కారణాలే గాని, మనశ్శాంతి లేకపోతే ఆ జబ్బు అదుపులో ఉండదని ఏ డాక్టరైనా చెబుతాడు.

ఇప్పుడు రాజుల మొదటి గ్రంథం 19వ అధ్యాయం తెరవండి.

ఏలీయా సామాన్యుడు కాడు. దాని ముందు అధ్యాయంలోనే కర్మెలు కొండ మీద ఒంటరిగా నిలిచి, వందల మంది బాలు ప్రవక్తలను ఎదిరించి గెలిచాడు. మూడేండ్ల కరువు తరువాత వాన కురిసింది. అంతటి విజయం మరునాడే రాణి యెసెబెలు నుండి ఒక బెదిరింపు వచ్చింది. ఆ ఒక్క కబురుకే ఏలీయా ప్రాణభయంతో పారిపోయాడు. ఇది చదివి ఆశ్చర్యపోతాము గాని, అలసట లక్షణమే అది. పెద్ద కష్టాన్ని తట్టుకొన్నవాడు ఆ వెనుక వచ్చిన చిన్న మాటకు విరిగిపోతాడు. పెళ్ళి పనులన్నీ ఒంటిచేతి మీద నడిపించిన తల్లి, పెళ్ళయిన మూడో నాడు కూరలో ఉప్పు ఎక్కువైందని ఎవరో అంటే కూర్చుని ఏడ్వదూ?

బేర్షెబా దాకా వెళ్ళి, తన సేవకుడిని అక్కడ వదిలి, ఏలీయా ఒంటరిగా ఎడారిలోకి ఒక రోజు ప్రయాణం చేశాడు. సేవకుడిని వదిలిన సంగతిని గ్రంథకర్త ఊరికే రాయలేదు. మనసు విరిగిన మనిషి మొదట చేసే పని అదే, తోడు వదిలించుకోవడం. ఒక చెట్టు కింద కూర్చొని, ఇక చాలు ప్రభూ, నా ప్రాణం తీసుకో అని వేడుకొన్నాడు. ప్రవక్త చేసిన ప్రార్థన ఇది! ఆ పైన పడుకొని నిద్రపోయాడు.

దేవుడు ఏం చేశాడు? గద్దించలేదు. కర్మెలు కొండను మరిచిపోయావా అని అడగలేదు. ప్రార్థన తగ్గించావా అని లెక్క తీయలేదు. ఒక దూతను పంపాడు. దూత ఏలీయాను తట్టి లేపి, లేచి తినమన్నాడు. తల దగ్గర నిప్పుల మీద కాల్చిన రొట్టె, కుండలో నీళ్ళు ఉన్నాయి. ఏలీయా తిన్నాడు, తాగాడు, మళ్ళీ పడుకొన్నాడు. రెండోసారి నిద్రపోయినందుకు కూడా దేవునికి కోపం రాలేదు. దూత రెండోసారి వచ్చి మళ్ళీ తినమన్నాడు. ముందున్న ప్రయాణం అతని శక్తికి మించినదని చెప్పాడు. ఆ తిండి బలంతో నలభై రోజులు నడిచి హోరేబు కొండ చేరాకనే దేవుడు ఏలీయాతో మాట్లాడాడు. అదీ పెనుగాలిలో కాదు, భూకంపంలో కాదు, అగ్నిలో కాదు, మెల్లని స్వరంలో.

ఆ వరుస చూడండి. స్పర్శ, రొట్టె, నీళ్ళు, నిద్ర, మళ్ళీ రొట్టె. ఉపదేశం వాటన్నిటి తరువాత. మన ఇళ్ళలో ఈ వరుస తలకిందులు అవుతోంది. పొద్దు పోయి ఇంటికి వచ్చిన మనిషికి గడపలోనే ఉపదేశం, అన్నం తరువాత. మార్కులు తక్కువ వచ్చిన పిల్లకు ముందు తిట్లు, తరువాత 'తిన్నవా?' అనే ప్రశ్న. 2019 ఏప్రిల్‌లో తెలంగాణలో ఇంటర్మీడియెట్ ఫలితాలు వచ్చిన రోజుల్లో ఇరవై మందికి పైగా పిల్లలు ప్రాణం తీసుకొన్నారు. ఆ ఫలితాల్లో తప్పులు దొర్లినట్లు తరువాత తేలింది. ఆ పిల్లల్లో ఎవరెవరికి ఎవరు ఏం చెప్పారో మనం తీర్పు తీర్చలేము. కాని ఫలితాలు వచ్చే రోజున మన ఇంట్లో ముందు పెట్టవలసింది కంచం అని మాత్రం ఏలీయా కథ స్పష్టంగా చెబుతోంది.

చావు కోరుకోవడం గురించి శ్రీసభ ఏమంటుందో చాలా కుటుంబాలకు సరిగా తెలియదు. ప్రాణం దేవునిది, దాన్ని తీసుకొనే హక్కు మనకు లేదు అనే బోధ మారలేదు. అయితే 1992లో వెలువడిన సత్యోపదేశ గ్రంథం, తీవ్రమైన మనోవేదన, భయం, మానసిక వ్యాధి ఉన్నప్పుడు ఆ వ్యక్తి బాధ్యత తగ్గుతుందని చెబుతుంది (2282). అలాంటివారి రక్షణ విషయంలో నిరాశ పడరాదనీ, శ్రీసభ వారి కోసం ప్రార్థిస్తుందనీ కూడా చెబుతుంది (2283). 1917 నాటి శ్రీసభ చట్టం ఆత్మహత్య చేసుకొన్నవారికి శ్రీసభ భూస్థాపన నిరాకరించింది. 1983 నాటి కొత్త చట్టంలో ఆ నిషేధం లేదు. ప్రభుత్వ చట్టం కూడా మారింది. 2017 నాటి మానసిక ఆరోగ్య చట్టం, ఆత్మహత్యా ప్రయత్నం చేసినవారు తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నారని భావించి, వారికి వైద్యం, సంరక్షణ అందించాలని అంటుంది. కనుక అలాంటి కుటుంబాన్ని గుడిలో వెనుక బెంచీకి నెట్టే హక్కు మనలో ఎవరికీ లేదు.

రెండు వారాలకు మించి నిద్ర పట్టకపోయినా, తిండి సహించకపోయినా, దేని మీదా ఆశ లేకపోయినా, 'నేను లేకుంటేనే మీకు మంచిది' లాంటి మాటలు వినిపించినా ఆలస్యం చేయకండి. 14416 నంబరుకు ఫోను చేయండి. 2022లో ప్రారంభమైన టెలి-మానస్ సేవ ఇది, ఇరవై నాలుగు గంటలూ తెలుగులో మాట్లాడతారు, డబ్బు అడగరు. నిజామాబాద్ ప్రభుత్వ జనరల్ ఆస్పత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. అక్కడికి వెళ్ళడానికి సిగ్గుపడనక్కరలేదు. విరిగిన చేతిని విచారణ గురువు దగ్గరికి తీసుకొని వచ్చి ప్రార్థన చేయించుకొన్నా, కట్టు కట్టించుకోవడానికి ఆస్పత్రికే పోతాము గదా.

ఇక బరువు పంచుకోవడం సంగతి. నిర్గమకాండం 18వ అధ్యాయంలో మోషే మామగారు యిత్రో అల్లుడి దగ్గరికి వస్తాడు. ప్రొద్దుటి నుండి సాయంకాలం దాకా మోషే ఒక్కడే కూర్చొని ప్రజల తగవులన్నీ తీర్చడం చూసి, ఇది మంచి పద్ధతి కాదు, ఇలా చేస్తే నీవూ నలిగిపోతావు, జనమూ నలిగిపోతారు అని చెబుతాడు. వేయి మందికి, వందకి, యాభైకి, పదికి నాయకులను పెట్టి పని పంచమంటాడు. మోషే ఆ మాట విన్నాడు. (అల్లుడు మామగారి మాట వినడం కూడా ఒక అద్భుతమేనని మా సత్యోపదేశ తరగతిలో ఒక పెద్దాయన అన్నాడు.) యిత్రో ఇశ్రాయేలీయుడు కాడు, మిద్యాను యాజకుడు. దేవుని ప్రజలకు మేలైన సలహా బయటివాని నోట వచ్చింది. మన క్షేమం కోరే హిందూ మిత్రుడో, ముస్లిం డాక్టరో మంచి మాట చెబితే వినడం విశ్వాసానికి లోటు కాదు.

మన ఇళ్ళలో అన్నిటికంటె ఒంటరిగా మోసే బరువు అప్పు. భర్త చేసిన అప్పు భార్యకు తెలియదు, భార్య ఎత్తిన చిట్టీ భర్తకు తెలియదు, గల్ఫ్‌లో ఉన్న కొడుకు ఏజెంటుకు ఇంకా ఎంత బాకీ ఉన్నాడో ఇద్దరికీ తెలియదు. ఎవరికివారు రాత్రి కళ్ళు తెరిచి పడుకొంటారు. ఒక మంచి పని ఉంది. ఒక సాయంకాలం భార్యాభర్తలు కూర్చొని, పిల్లల నోటుబుక్కులోని ఒక కాగితం మీద అప్పులన్నీ రాయండి. ఎవరికి, ఎంత, ఎంత వడ్డీకి, ఏ నెలకు. ఆ కాగితంతో అప్పు రూపాయి కూడా తగ్గదు. కాని తలలో తిరిగే అప్పుకు అంతు ఉండదు, కాగితం మీద రాసిన అప్పుకు అంతు ఉంటుంది. ఆ రాత్రి గొడవ జరగవచ్చు. జరిగినా ఫరవాలేదు, దాచిపెట్టిన అప్పు తెచ్చే గొడవ అంతకంటె పెద్దది. సారా దుకాణంలో మరిచిపోయిన అప్పు మాత్రం మరునాడు ఇంకో వంద రూపాయలు పెరిగి లేస్తుంది.

చివరగా ఆదివారం. పది ఆజ్ఞలు గ్రంథంలో రెండు చోట్ల ఉన్నాయి, విశ్రాంతి దినానికి రెండు చోట్లా రెండు కారణాలు ఉన్నాయి. నిర్గమకాండం 20లో, దేవుడు ఆరు దినాలు సృష్టి చేసి ఏడవ దినం విశ్రమించాడు గనుక. ద్వితీయోపదేశకాండం 5లో, మీరు ఐగుప్తులో బానిసలుగా ఉన్నారు, దేవుడు మిమ్మల్ని విడిపించాడు గనుక. ఈ రెండవది మన ప్రాంతానికి బాగా అవసరం. విరామం లేకుండా పని చేసేవాడు బానిస, విరామం తీసుకొనేవాడు స్వతంత్రుడు. పైగా ఆ ఆజ్ఞ యజమానికి ఒక్కడికే కాదు, పనివానికి, దాసికి, ఎద్దుకు, గాడిదకు కూడా. 1891లో పదమూడవ లియో పోపుగారు కార్మికుల గురించి రాసిన లేఖలో ఈ విశ్రాంతిని కార్మికుని హక్కుగా చెప్పారు. 2015లో ఫ్రాన్సిస్ పోపుగారు 'లౌదాతో సి' లేఖలో, విశ్రాంతి వృథా కాలం కాదనీ, అది మన పనికి అర్థాన్నిస్తుందనీ రాశారు.

అయితే ఈ బోధను కర్ర చేసి ఎవరి వీపు మీదా వేయకూడదు. ఆస్పత్రి నర్సుకు ఆదివారం డ్యూటీ ఉంటుంది. సెక్యూరిటీ పని చేసేవారికి ఉంటుంది. రోజు కూలి పోతే పొయ్యి వెలగని ఇల్లు ఉంటుంది. అత్యవసరం ఉన్నవారిని శ్రీసభ నిందించదు. చాలా గల్ఫ్ దేశాల్లో శుక్రవారం సెలవు గనుక అక్కడి దేవాలయాల్లో ఆదివారపు పూజ శుక్రవారం జరుపుకొనే అలవాటు వచ్చింది. మన పిల్లలు క్యాంపు బస్సుల్లో వెళ్ళి ఆ పూజలో పాల్గొంటున్నారు. రోజు మారింది గాని, విరామాన్ని వదులుకోలేదు. మీకు పూర్తి రోజు దొరకకపోతే ఒక పూట పెట్టుకోండి. ఆ పూట చేట అటక మీద ఉండాలి, ఫోను బియ్యం డబ్బా మీద ఉండాలి.

భర్తలకు ఒక్క మాట. లూకా సువార్త 10లో మార్త మరియల కథ చెప్పి, పనుల తొందరలో ప్రభువును మరిచిపోకూడదని భార్యకు బోధించేవారు ఉన్నారు. అదే మనిషి పూజ నుండి వచ్చి పన్నెండింటికల్లా కోడికూర సిద్ధం కాలేదని గిన్నె విసురుతాడు. మరియ ప్రభువు పాదాల దగ్గర కూర్చోవాలంటే, ఉల్లిపాయలు ఎవరో ఒకరు కోయాలి గదా. ఆదివారం ఆ పని మీరు చేయండి.

రాత్రి పడుకొనే ముందు పది నిమిషాల ఆత్మపరిశోధన మన శ్రీసభలో పాత అలవాటు. పునీత ఇగ్నేషియస్ లొయోలా దాన్ని తన సహచరులకు నేర్పించారు. సాధారణంగా మనం అందులో పాపాలు మాత్రమే వెతుకుతాము. ఈ వారం ఇంకో రెండు ప్రశ్నలు చేర్చండి: ఈ రోజు నేను మోసిన బరువుల్లో నాది కానిది ఏది? ఇంకొకరి సాయం అడగవలసి ఉండి అడగనిది ఏది? మొదటి ప్రశ్నకు వచ్చిన జవాబును దేవుని చేతిలో పెట్టి పడుకోవచ్చు. రెండో ప్రశ్నకు వచ్చిన జవాబుతో రేపు పొద్దున ఒక ఇంటి తలుపు తట్టాలి.

ఈ ఆదివారం సాయంకాలం ఇంట్లో అందరూ కూర్చొని ఆ ఏలీయా అధ్యాయం చివరి దాకా చదవండి. పిల్లల చేత చదివించండి. కొండ మీద ఏలీయా తాను ఒక్కడినే మిగిలిపోయానని రెండుసార్లు ఫిర్యాదు చేస్తాడు. దేవుడు దానికి వాదంతో జవాబు చెప్పలేదు. ఇశ్రాయేలులో ఇంకా ఏడు వేల మంది ఉన్నారని చెప్పి, ఒక మనిషి పేరు చెప్పి పంపించాడు. ఏలీయా కొండ దిగి వెళ్ళేసరికి, ఆ ఎలీషా పొలంలో పన్నెండు కాండ్ల ఎడ్లతో దున్నుతున్నాడు.